దుమ్ము సంగతి

తల్లీ,

"బొగ్గు గనిలో గ్యాస్ నిజంగా అంత భయంకరమా నాన్నా?" అని అడిగావు. ఫోన్లో తేలే మాట కాదని ఉత్తరం రాస్తున్నాను.

ఆ గ్యాస్ పేరు మీథేన్. అది గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. 15 దాటితే పేలదు కదా అని ధీమాగా ఉండకు. మంచి గాలి కలిసే కొద్దీ మళ్ళీ పేలే స్థాయికే దిగుతుంది. దానికి రంగూ వాసనా లేవు. గాలికన్నా తేలిక కాబట్టి పైకప్పును అంటుకుని నిలుస్తుంది. గ్యాస్ కొలిచే మీటర్‌ను నడుం ఎత్తులో పట్టుకుని "ఏమీ లేదు" అని రాసేసిన వాళ్ళను చూశాను.

కానీ నాకు గ్యాస్ కన్నా దుమ్మంటేనే ఎక్కువ భయం. గ్యాస్ పేలిన ఊపుకి నేలమీది బొగ్గు దుమ్ము లేస్తుంది, వెనకే వచ్చే మంట దాన్ని అందుకుంటుంది. ఇక ఆ మంట తనకు కావలసిన దుమ్మును తానే లేపుకుంటూ సొరంగాల వెంట పరిగెడుతుంది. 1906లో ఫ్రాన్స్‌లోని కూరియేర్‌లో దుమ్ము పేలుడుకి 1,099 మంది పోయారు.

దీనికి విరుగుడు సున్నపురాయి పొడి. బొగ్గు దుమ్ములో అది తగినంత కలిసి ఉంటే వేడిని పీల్చేసుకుని మంటను ఆపుతుంది. అయితే పొడి చల్లితే బొగ్గు రాదుగా! అందుకే పని ఒత్తిడి పెరిగితే ముందు పొడి చల్లే మనుషుల్నే వేరే పనికి లాగేస్తారు. నువ్వు అధికారివయ్యాక చూస్తావు.

బొగ్గు తీసేసి వదిలిన చోట్ల మిగిలిన ముక్కలు గాలి తగిలి లోలోపలే వేడెక్కి, ఎవరూ అంటించకుండానే రాజుకుంటాయి. పొగ కనపడే ముందే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పెరుగుతుంది. దాని రోజువారీ అంకెలు వరసగా చూడు. అలాంటి చోటును మూసిన గోడను తొందరపడి తెరవనివ్వకు, లోపలికి గాలి వెళ్తే పేలవచ్చు.

ఇంకొకటి. ఒకసారి గ్యాస్ సెన్సర్ అస్తమానం మోగుతోందని మావాళ్ళు దానికి గుడ్డ చుట్టారు. నేను చూసి కూడా ఊరుకున్నాను. ఆ రోజు ఏమీ కాలేదు, అయినా ఇప్పటికీ నిద్రలో గుర్తొస్తుంది. నువ్వు మాత్రం ఊరుకోకు, ఆ పని చేసింది ఎంత పెద్దవాడైనా సరే.

విషవాయువు కమ్మినప్పుడు ఊపిరి కోసం పెట్టుకునే సెల్ఫ్ రెస్క్యూయర్‌ను చీకట్లో తడుముకుంటూ పెట్టుకోవడం ప్రాక్టీస్ చెయ్యి. ఎన్ని సెకన్లు పట్టిందో రాయి. ఈ ఉత్తరం సంగతి అమ్మ దగ్గర ఎత్తకు.

నాన్న