మెక్సికోలోని గ్వాదలహారాలో అక్క వాళ్ళింటి నుంచి

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి క్షేమంగా చేరాం. నాన్నకి నడుం పట్టేసింది, అంతే. ఆవకాయ డబ్బా మాత్రం దార్లో కారి, బావగారికి తెచ్చిన తెల్లచొక్కా కాస్తా ఎర్రచొక్కా అయింది. ఆయన వాసన చూసి "పర్లేదు, ఇలాగే వేసుకుంటా" అన్నారు.

ఊరు 1,500 మీటర్ల ఎత్తులో ఉంది కదా, పగలు ఎండ, తెల్లారుజామున చలి. అమ్మ శాలువా తియ్యట్లేదు.

ఇవాళ సాన్ హువాన్ దె దియోస్ మార్కెట్‌కి వెళ్ళాం. ఎండుమిరపకాయల కొట్లు చూసి నాన్న, మన గుంటూరు యార్డే అన్నారు. అమ్మేమో ముదురెరుపు రేకుల గోనె దగ్గర ఆగిపోయింది. ఒకటి నోట్లో వేసుకుని, "ఒసే, ఇది గోంగూర పులుపే!" అంది. నిజంగానే గోంగూర జాతి! కాయ చుట్టూ ఉండే ఆ ఎర్ర రేకుల్ని ఎండబెట్టి అమ్ముతారు, పేరు 'హమైకా'. నీళ్ళలో మరిగించి, పంచదార కలిపి చల్లగా తాగుతారు. ఆకు మాత్రం ఎక్కడా కనపడలేదు, అదేం అన్యాయమో. అమ్మ అరకిలో కొంది, రేపు పప్పులో వేస్తుందట. అక్క భయపడుతోంది.

బాబాయ్, మీరడిగిన వీసా సంగతి: మా అమెరికా వీసాలు చెల్లుబాటులో ఉన్నాయి కాబట్టి మెక్సికోకి వేరే తీసుకోలేదు.

పిన్నీ, మీకంటే పదకొండున్నర గంటలు వెనక ఉన్నాం. మీ పొద్దున్న 7కి వీడియో కాల్ చెయ్యండి, ఇక్కడ రాత్రి 7:30, అందరం ఇంట్లోనే ఉంటాం. నాన్నమ్మని లేపి కూర్చోబెట్టండి. ఆదివారం చపాలా సరస్సుకి వెళ్తున్నాం, ఫొటోలు అప్పుడు పెడతా.