సీతాఫల్‌మండి నుంచి వారాసిగూడ దాకా ఒక కుటుంబం కోసం తిరిగిన వారందరికీ కృతజ్ఞతలు

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. మన విశ్వాసం కాకపోయినా ఈ పనిలో చెయ్యి కలిపిన వారికి నమస్కారం, సలాం.

కువైట్‌లో పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో ఒంటరిగా పడి ఉన్న ఒక మనిషి కుటుంబాన్ని, చేతిలో ఒక్క ఫొటో పెట్టుకుని హైదరాబాద్‌లో ఒకే సాయంత్రం వెతికి పట్టుకున్నారు మీరు. పేర్లు రాయవద్దని మీలో చాలామంది గట్టిగా చెప్పారు. ఆ కుటుంబం పేరు బయటపెట్టడం నాకూ ఇష్టం లేదు. అందుకని ఎవరు ఏ పని చేశారో మాత్రమే రాస్తున్నాను. ఎవరి గురించి రాశానో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

కువైట్ నుంచి సెలవుకు ఇంటికి వచ్చినప్పటి నుంచి అందరూ నన్నే మెచ్చుకుంటున్నారు. మొన్న ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పమన్నారు, శాలువా కప్పబోయారు. నేను ఒప్పుకోలేదు. నేను ఒక మంచం పక్కన నిలబడి ఫొటో తీసి పంపాను. మిగతాదంతా సికింద్రాబాద్ గల్లీల్లో జరిగింది. ఆ శాలువా ఎవరికి కప్పాలో తెలియాలంటే ఆ శుక్రవారం ఏమి జరిగిందో మొత్తం చెప్పాలి.

కువైట్‌లో వారపు సెలవు శుక్రవారం. అందువల్ల అక్కడి సంఘాలు ఎక్కువగా ఆ రోజే ఆరాధనకు కూడుకుంటాయి. నగరంలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణంలోకి అడుగుపెడితే ఒక హాలులో అరబిక్ పాట, మరో హాలులో మలయాళం ప్రసంగం, ఇంకో చోట మన తెలుగు ప్రార్థన వినిపిస్తాయి. ఆరాధన ముగిశాక మాలో కొందరం ఆసుపత్రులకు వెళ్తాం. ఇళ్లలో డ్రైవర్లు, వంటవాళ్లు, దుకాణాల్లో సరుకు సర్దేవాళ్లు, నాలాంటి ఆఫీసు ఉద్యోగులు అందులో ఉంటారు. వారమంతా ఒళ్లు హూనం చేసుకుని, దొరికిన ఒక్క సెలవును ఇలా ఇచ్చేస్తారు. వార్డులో మేము కరపత్రాలు పంచం, ప్రసంగాలు చేయం. ఏ ఊరని అడుగుతాం. ఇంటికి ఫోను కలిపి ఇస్తాం. గడ్డం పెరిగి ఉంటే గీస్తాం, గోళ్లు తీస్తాం. ప్రార్థన చేయమంటారా అని అడిగి, సరే అంటేనే చేస్తాం. పరాయి దేశంలో జ్వరం వస్తే మంచినీళ్లు ఇచ్చే మనిషి ఉండడు. ఆ బాధ పడినవాళ్లే ఈ పరిచర్యలో ఎక్కువ.

ఆ రోజు మేము వార్డు దాటి వెళ్లిపోతుంటే, నేల తుడుస్తున్న బంగ్లాదేశ్ సోదరుడు ఆపాడు. "ఆ మూల మంచం మీద ఉన్నది మీ దేశం మనిషే, ఆయన కోసం ఎవరూ రావడం లేదు" అని హిందీలో చెప్పాడు. నా మొదటి కృతజ్ఞత అతనికి. అతను ఇది చదవలేడు, అయినా ఇక్కడ రాయకుండా ఉండలేను.

మూల మంచం మీద ఉన్న అన్న ఖాదిం వీసా (ఇంటి పనివాళ్లకు ఇచ్చే వీసా) మీద ఒక ఇంట్లో డ్రైవరు. మెదడులో ఎడమవైపు రక్తనాళం పూడుకుపోవడంతో కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట కూడా పోయింది. మనం చెప్పేది ఆయనకు అర్థమవుతుంది. చెప్పాలనుకున్నది మాత్రం నోటికి రాదు. తెలుగులో పలకరించగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. పడిపోయినప్పుడు ఫోను పగిలిపోయింది. కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానికి, ఇంటి నంబరు తెలియదు. బతాకా (కువైట్ గుర్తింపు కార్డు) మీద పేరు ఉంది కానీ, ఆ పేరుతో తెలంగాణలో ఊరికి పదిమంది ఉంటారు. ఇల్లు ఎక్కడ అని అడిగితే ఎడమ చేత్తో దిండు కింద తడిమి పర్సు తీశారు. అందులో పాస్‌పోర్టు సైజు ఫొటో ఒకటి ఉంది. బడి యూనిఫాం వేసుకుని, రెండు జడలు వేసుకున్న అమ్మాయి. వెనక్కి తిప్పితే స్టూడియో ముద్ర. స్టూడియో పేరు చెమటకు చెరిగిపోయి, కింద "సీతాఫల్‌మండి" అన్న మాట ఒక్కటే మిగిలింది.

ముందూ వెనకా ఫొటో తీసి ఇక్కడి మా సంఘం స్త్రీల సమాజం గ్రూపులో పెట్టాను. అక్కడ పదకొండున్నర అయితే ఇక్కడ మధ్యాహ్నం రెండు. శుక్రవారం ఉపవాస ప్రార్థన ముగిసి అప్పుడే లేస్తున్నారట. పాస్టరమ్మ గారు ఫోను చూసి, ఆ ఫొటోను అందరికీ చూపించి మళ్లీ ఒకసారి ప్రార్థన చేయించి, ఇద్దరు అక్కలను, డిగ్రీ చదివే ఒక తమ్ముడిని వెంటబెట్టుకుని బయలుదేరారు. ఉపవాసం విడవడానికి తెచ్చుకున్న అరటిపండ్లు సంచిలోనే ఉండిపోయాయి. ఎండలో, ఖాళీ కడుపుతో, ముఖం కూడా చూడని మనిషి కోసం వెళ్లారు. వాళ్లలో ఒక అక్కకు మోకాళ్ల నొప్పులని నాకు తర్వాత తెలిసింది.

సీతాఫల్‌మండి స్టేషను దారిలో ఆ స్టూడియో లేదు. దాని స్థానంలో ఫోన్లకు రీచార్జి చేసే దుకాణం ఉంది, అందులోని కుర్రాడికి పాత సంగతులు తెలియవు. అక్కడే జుమా నమాజు ముగించుకుని స్టాండుకు వచ్చిన ఒక ఆటో అన్న వీళ్ల మాటలు విని, "ఆ ఫొటోల ఆయన ఇప్పుడు మెట్టుగూడ వైపు ఇంట్లోనే పని చేసుకుంటున్నాడు, ఎక్కండి" అన్నాడు. దిగాక డబ్బు ఇవ్వబోతే సంగతేమిటని అడిగాడు. చెప్పారు. ఇక ఆ తర్వాత రాత్రి దాకా వాళ్లను వదల్లేదు, ఒక్క రూపాయి తీసుకోలేదు.

స్టూడియో యజమాని పెళ్లి ఫొటోలకు వెళ్లడానికి కెమెరా సంచి సర్దుకుంటున్నారు. ఆలస్యమైతే పెళ్లివారు ఊరుకోరు. అయినా కూర్చుని పాత హార్డ్ డిస్కులు ఒక్కొక్కటే కంప్యూటర్‌కు తగిలించారు. ఏ సంవత్సరం ఫొటోయో తెలియదు, పిల్ల పేరు తెలియదు. ఆయన వెతికింది యూనిఫాం మెడపట్టీ రంగును బట్టి. చివరికి పదో తరగతి హాల్ టికెట్ల కోసం ఒక బడి పిల్లలందరికీ తీసిన ఫొటోల్లో రెండు జడల అమ్మాయి కనిపించింది. బడి పార్శీగుట్టలో ఉంది. వృత్తి మీద అంత శ్రద్ధ ఉండి, ఏళ్ల నాటి పనిని కూడా భద్రంగా దాచుకున్నారు కాబట్టే ఒక ఇంటికి తండ్రి ఆచూకీ దొరికింది. సార్, మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

బడిలో ప్రధానోపాధ్యాయురాలు చిరునామా ఇవ్వలేదు. నాకు ఆమె మీద గౌరవం పెరిగింది అక్కడే. ఆడపిల్ల ఇల్లు ఎక్కడో ముక్కూ మొహం తెలియని వాళ్లకు చెప్పకూడదు, ఎంత మంచి కారణం చెప్పినా సరే. ఆమె రిజిస్టరులో ఉన్న నంబరుకు తానే ఫోను చేశారు. అది పనిచేయలేదు. అప్పుడు బడి ఆయమ్మను పిలిచి, "నువ్వు ముందు వెళ్లి ఆ తల్లిని అడిగి, ఆమె సరే అంటేనే వీళ్లను కలుపు" అని పంపించారు. పిల్ల తల్లి వారాసిగూడలో సాయంత్రం పూట జొన్నరొట్టెలు చేసి అమ్ముతుందని ఆ ఆయమ్మకు తెలుసు.

పాస్టరమ్మ గారు చెప్పిన ఆ దృశ్యం నాకు కళ్లకు కట్టినట్టు ఉంది. రోడ్డు పక్కన పొయ్యి, పెద్ద పెనం, చుట్టూ పార్సెల్ కోసం నిలబడ్డ జనం. ఆమె పిండి ముద్దను రెండు అరచేతుల మధ్య తట్టుతూ పలచగా చేస్తోంది. ఆయమ్మ చెవిలో విషయం చెప్పింది. తట్టుతున్న చేతులు ఆగిపోయాయి. భర్త నుంచి ఫోను లేక రోజూ అతని నంబరుకు చేసి చేసి, ఎవరిని అడగాలో తెలియక, కూతురికి ధైర్యం చెప్తూ రొట్టెలు చేసుకుంటున్న మనిషి ఆమె. "బతికే ఉన్నాడా?" అని మాత్రం అడిగింది. పక్క బండి మీద మిరపకాయ బజ్జీలు వేసే ఆయన గబగబా వచ్చి, పెనం మీద మాడిపోతున్న రొట్టె తిప్పాడు. ఆ రాత్రి ఆమె గిరాకీ అంతా ఆయన కుటుంబమే చూసుకుంది. మర్నాడు లెక్క చూసి డబ్బంతా ఆమె చేతిలో పెట్టారు.

నేను ఇంకా వార్డులోనే ఉన్నాను. కేరళ నర్సు సిస్టర్ నన్ను వెళ్లమనలేదు, పైగా ఆ అన్న తల కిందకు ఇంకో దిండు పెట్టి కూర్చోబెట్టింది. వీడియో కాల్ వచ్చింది. ఆమె చేతుల నిండా తడి పిండి, అందుకని ఫోను పాస్టరమ్మ గారే పట్టుకున్నారు. ఆమె ఏడ్వలేదు. ముఖం దగ్గరగా పెట్టి, "అన్నం తిన్నావా?" అని అడిగింది. ఆయన తల ఊపారు. "ఎవరు తినిపించారు?" అంది. ఆయన ఎడమ చేత్తో నర్సును చూపించారు. అప్పుడు ఆమె అవతల నుంచి ఆ నర్సుకు పిండి చేతులతోనే దండం పెట్టింది. నేను చాలా వార్డులు చూశాను, చాలా ప్రార్థనలు చేశాను. ఆ దండం చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు.

తర్వాతి పనులు కాగితాలవి, వాటినీ మీరే మోశారు. డిగ్రీ తమ్ముడు వాళ్ల ఇంట్లో ఇనుప పెట్టె వెతికి ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ కాగితం బయటికి తీశాడు. రెండేళ్లకు పన్ను కాక 275 రూపాయల ప్రీమియం. గల్ఫ్‌కు వెళ్లే మనవాళ్లు ఆ కాగితాన్ని ఏజెంటు ఇచ్చిన కవరులోనే మర్చిపోతారు. దయచేసి దాని నకలు, పాస్‌పోర్టు నకలు, కఫీల్ నంబరు ఇంట్లో గోడకు అంటించి వెళ్లండి. మంగళవారం ప్రభుత్వం ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణికి అక్కలే ఆమెను బేగంపేట ప్రజాభవన్‌కు తీసుకెళ్లి దరఖాస్తు ఇప్పించారు. కువైట్‌లో మన రాయబార కార్యాలయానికి మా వాళ్లు వెళ్లారు. ఆపదలో ఉన్న ప్రవాసుల కోసం 2009లో పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఒకటుంది, టికెట్‌కు దారి లేకపోతే అక్కడ అడగవచ్చు. ఆ అవసరం రాలేదు. కఫీల్ బాకీ ఉన్న జీతం, టికెట్ ఇచ్చి పంపించాడు. ఊరికి సెలవు మీద వస్తున్న మా సంఘం నర్సు ఒకరు విమానంలో ఆయన పక్కన కూర్చుని శంషాబాద్ దాకా తోడు వచ్చారు. మీరు పంపిన చందాలో మిగిలినది ఆయన వ్యాయామ చికిత్సకు, రాకపోకలకు ఖర్చవుతోంది. లెక్క పాస్టర్ గారి దగ్గర ఉంది, ఎవరైనా చూడవచ్చు.

ఒకరు నన్ను సూటిగా అడిగారు: ఇదంతా వాళ్లను మీ మతంలో కలుపుకోవడానికేనా అని. అడిగినందుకు కోపం లేదు, జవాబు చెప్తాను. ఆమె శనివారం హనుమంతుడి గుడికి వెళ్తుంది. ఆయన క్షేమంగా దిగిన రోజు కొబ్బరికాయ కొట్టింది. మా అక్కలు ఆమెను గుడి మెట్ల దాకా ఆటోలో దింపారు. మేము ఆయన కోసం ప్రార్థిస్తూనే ఉన్నాం, ఆ సంగతి ఆమెకూ తెలుసు, చేయండి అన్నా అని ఆమే అంటుంది. రోగిని చూడటానికి వెళ్లమని మా ప్రభువు చెప్పాడు కాబట్టి వెళ్తున్నాం. అది నెరవేరితే మాకు చాలు.

మొన్న వాళ్లింటికి వెళ్లాను. గాంధీ ఆసుపత్రిలో వ్యాయామం చేయిస్తున్నారు. కర్ర సాయంతో గుమ్మం దాకా వచ్చి నన్ను లోపలికి పిలిచారు, చేతితో. మాట ఇప్పుడిప్పుడే వస్తోంది. మొదట కూతురి పేరు పలికారట. ఆ అమ్మాయి ఒకటో తరగతి తెలుగు వాచకం తెచ్చి, రోజూ సాయంత్రం తండ్రి పక్కన కూర్చుని బొమ్మలు చూపిస్తూ పలికిస్తోంది. నా ముందే "పలక" అన్నారు, స్పష్టంగా. పిల్ల చప్పట్లు కొట్టింది.

ఇక ఒక్క సహాయం కావాలి. ఆ ఆటో అన్న ఎవరో మాకు తెలియదు. రాత్రి వాళ్లను దింపి, పేరు చెప్పకుండా వెళ్లిపోయాడు. అక్కలు స్టాండుకు వెళ్లి అడిగితే, అతను వేరే స్టాండుకు మారాడని చెప్పారు. వెనుక అద్దం మీద పచ్చ రంగులో నెలవంక బొమ్మ, ముందు అద్దం దగ్గర వేలాడే పిల్లల బూటు ఒకటి, ఇవి మాత్రమే గుర్తు. మెట్టుగూడ, తార్నాక, చిలకలగూడ వైపు తిరిగేవారు ఎవరైనా అతన్ని చూస్తే, ఆ రోజు ఎవరి కోసం తిరిగాడో ఆ మనిషి ఇల్లు చేరాడని, వాళ్లింట్లో అతని కోసం జొన్నరొట్టెలు చేసి పెడతామని ఎదురుచూస్తున్నారని చెప్పండి.