ట్రెమొలో కిట్ వాడుతున్నవారికి: ఇన్సర్ట్ బ్లాకులు మారుస్తున్నాం, స్టెయిన్‌లెస్ స్క్రూలు ఆపేస్తున్నాం

మా లాకింగ్ ట్రెమొలో (స్ట్రింగుల్ని రెండు చివర్లా బిగించి, బార్‌తో శ్రుతిని కిందికీ పైకీ ఊపే గిటార్ బ్రిడ్జి) అప్‌గ్రేడ్ కిట్ బిగించుకున్నవాళ్లలో కొందరు ఒకటే చెప్పారు: బార్ బాగా కిందికి నొక్కి వదిలితే మిగతా స్ట్రింగులన్నీ చోటికి వస్తున్నాయి, ఒక్కటి మాత్రం శ్రుతి దిగిపోతోంది. కారణం దొరికింది. చివరిగా వచ్చిన సరుకులో, శాడిల్ (బ్రిడ్జి మీద ఒక్కో స్ట్రింగు కూర్చునే ముక్క) లోపల స్ట్రింగుని నొక్కిపట్టే ఇన్సర్ట్ బ్లాకులు మెత్తటి ఉక్కువి. ఆ సరుకు అందుకున్న ప్రతి ఒక్కరికీ ఆరు బ్లాకుల సెట్ ఉచితంగా పంపుతున్నాం. ఇబ్బంది వచ్చినా రాకున్నా పంపుతున్నాం. పాతవి వెనక్కి పంపనక్కర్లేదు, బిల్లు చూపించనక్కర్లేదు.

అయితే మీ గిటార్‌లో తప్పు బ్లాకులదేనా అన్నది ముందు తేల్చుకోండి. డైవ్ చేశాక, అంటే బార్ కిందికి నొక్కి వదిలాక, స్ట్రింగులన్నీ కలిసి దిగి, పైకి లాగి వదిలాక అన్నీ కలిసి ఎక్కి ఉండిపోతున్నాయంటే అది బ్లాకుల పని కాదు. బ్రిడ్జి అడుగు పలక (బేస్ ప్లేటు) కత్తి అంచు, అంటే నైఫ్ ఎడ్జ్ గానీ, అది ఆనుకునే స్టడ్ (బాడీలోకి దిగిన లావు స్క్రూ) గాడి గానీ అరిగి, బ్రిడ్జి మధ్యకి రాకుండా పట్టేస్తోందన్నమాట. కొన్ని గిటార్లలో స్టడ్ దిగే లోహపు గొట్టం, అంటే బుష్షే చెక్కలో వదులై కదులుతుంటుంది. ఒక్క స్ట్రింగే దిగుతోందంటే అది ఏదో ఒక లాకులో జారుతోంది. ఏ చివర జారుతోందో తెలియాలంటే సన్న మార్కర్‌తో రెండు చుక్కలు పెట్టండి: నట్ క్లాంప్ (మెడ చివర స్ట్రింగుల్ని బిగించే లాకు) వెనక, హెడ్‌స్టాక్ వైపు ఒకటి, శాడిల్లోంచి స్ట్రింగు బయటికొచ్చే చోట ఒకటి. నాలుగైదు డైవ్‌ల తర్వాత ఏ చుక్క జరిగితే ఆ లాకే దొంగ.

శాడిల్ దగ్గరి చుక్క జరిగితే ఆ ఒక్క స్ట్రింగు వదులు చేసి, 3 మి.మీ. అలెన్ కీతో వెనక స్క్రూ విప్పి బ్లాకు బయటికి తీయండి. స్క్రూ కొస ఆనిన ముఖాన్ని దీపానికి ఏటవాలుగా పట్టుకుని చూడండి. మంచి బ్లాకు మీద మెరిసే చిన్న చుక్క మాత్రమే ఉంటుంది. మెత్తదాని మీద గుంట పడి, గుంట చుట్టూ లోహం గట్టులా లేచి ఉంటుంది. స్ట్రింగు ఆనిన ముఖం మీద కూడా గాడి దిగి కనిపిస్తుంది. గుంట పడ్డాక స్క్రూ ప్రతిసారీ ఆ గుంటలోకే జారుతుంది, బ్లాకు ఓరగా కూర్చుంటుంది. స్ట్రింగుని పూర్తి ముఖంతో నొక్కాల్సింది ఒక అంచుతో నొక్కుతుంది. ఎంత బిగించినా జారేది అందుకే. ఇంకా బిగిస్తే గుంట ఇంకా లోతవుతుంది, జింక్ శాడిళ్లయితే పగులుతాయి కూడా.

ఇంకా అనుమానముంటే సన్న ఆకురాయితో ఒక మూల రుద్ది చూడండి. పైనున్న క్రోమ్ పూత గట్టిది కాబట్టి మొదట్లో ఏ బ్లాకు మీదైనా ఆకురాయి జారుతుంది. పూత పోయేదాకా రుద్దాలి. ఆ తర్వాత కూడా జారుతూ, గీత అతికష్టం మీద పడుతుంటే ఉక్కు సరైనదే. సులువుగా కొరికి పొడి రాలుస్తుంటే మెత్తది.

ఇక సరఫరాదారు సంగతి. మేమిచ్చిన డ్రాయింగ్‌లో మూడు విషయాలు స్పష్టంగా ఉన్నాయి: అల్లాయ్ స్టీల్, హీట్ ట్రీట్‌మెంట్, ఆ తర్వాతే పూత. ఇంతకుముందు సరుకంతా అలాగే వచ్చింది. ఈసారి మధ్య మెట్టు ఎగరగొట్టేశారు, మాకు ఒక్క మాట చెప్పలేదు. అడిగితే వచ్చిన మొదటి జవాబు: "కొలతలు డ్రాయింగ్ ప్రకారమే ఉన్నాయి కదా." ఉన్నాయి, ఒప్పుకుంటాం. వెర్నియర్ పెడితే పాతదానికీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. కానీ వెర్నియర్‌కి గట్టిదనం తెలియదు. మెత్తటి బ్లాకూ గట్టి బ్లాకూ ఒకే కొలతలో, ఒకే మెరుపులో ఉంటాయి. రెండో జవాబు ఇంకా బాగుంది: వాడేవాళ్లు మరీ గట్టిగా బిగిస్తున్నారట. ఆ మాటకి మాత్రం ఒళ్లు మండింది. మరీ బిగించేవాళ్లు లేరని కాదు, ఉన్నారు. కానీ వాళ్లు ఇంతకుముందు సరుకునీ అలాగే బిగించారు, దానికి గుంటలు పడలేదు. ఆ సరఫరాదారుతో లెక్క ముగిసింది. కొత్త బ్లాకులు వేరేచోట చేయించాం. ఇకమీదట వచ్చే ప్రతి సరుకులోనూ ప్రతి పెట్టెలోంచి కొన్ని బ్లాకులు తీసి, పూత కింద దాకా ఆకురాయి పెట్టి చూశాకే అమ్మకానికి పెడతాం. అలా రుద్దినవి పారేయడమే. ఆ నష్టం మాది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. బ్లాకు గట్టిబడగానే బలహీనత స్క్రూ మీదికి వెళ్లింది. అందుకే రెండో నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది, మాకు నిద్ర లేకుండా చేసిందీ అదే: కిట్‌లోని స్టెయిన్‌లెస్ స్ట్రింగ్ లాక్ స్క్రూలు ఇక ఉండవు.

మా కిట్‌లో ఎక్కువమందికి నచ్చింది ఆ స్క్రూలే అని తెలుసు. తుప్పు పట్టవు, క్రోమ్ బ్రిడ్జికి రంగు కలుస్తుంది. కానీ మామూలు ఏ2-70 గ్రేడు స్టెయిన్‌లెస్ తన్యత బలం (లాగితే తెగకుండా తట్టుకునే బలం) కనీసం 700 మెగాపాస్కల్స్, 12.9 గ్రేడు ఉక్కుది 1220. గట్టి బ్లాకు మీద మెత్తటి స్క్రూ కొసని పదేపదే నొక్కితే కొస పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. బిగించినంతకాలం ఏమీ తెలియదు. స్ట్రింగులు మార్చడానికి విప్పినప్పుడు ఆ విచ్చుకున్న కొస శాడిల్ మరల్లోంచి వెనక్కి రావాలి. రాదు, వచ్చినా మరల్ని గీసుకుంటూ వస్తుంది. అప్పుడు పోయేది స్క్రూ కాదు, శాడిల్. స్టెయిన్‌లెస్ శాడిళ్లు వేసుకున్నవాళ్లకి ఇంకో చిక్కు: స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ ఒత్తిడితో రాసుకుంటే రెండూ అతుక్కుపోయి మర పట్టేస్తుంది. యాంటీ సీజ్ గ్రీజు రాస్తే తగ్గుతుంది గానీ, స్ట్రింగులు మార్చే ప్రతిసారీ గ్రీజు రాసేవాళ్లెంతమంది?

కాబట్టి నల్లటి 12.9 స్క్రూలే ఇస్తున్నాం. చెమటకి తుప్పు పడతాయి, నిజమే. వాయించాక పొడిగుడ్డతో తుడిచి, అప్పుడప్పుడు ఒక చుక్క తేలికపాటి నూనె రాయండి. కొస కాస్త విచ్చుకున్నట్టు కనిపించిన రోజే మార్చేయండి. "వాటికే క్రోమ్ పూత వేయించొచ్చుగా" అని అడుగుతారు. లాక్ స్క్రూల వరకు వేయించొచ్చు, అవి నొక్కుడు మీద పనిచేస్తాయి. శాడిల్‌ని ప్లేటుకి బిగించే స్క్రూలు, నట్ క్లాంప్ స్క్రూలు లాగుడు మీద ఉంటాయి. అంత గట్టి ఉక్కుకి ఎలక్ట్రోప్లేటింగ్ చేస్తే హైడ్రోజన్ లోపలికి చేరి, బిగించిన కొంతకాలానికి హఠాత్తుగా విరిగే ప్రమాదం ఉంది. పూత అయ్యాక ఓవెన్‌లో కాల్చి ఆ హైడ్రోజన్‌ని వెళ్లగొట్టొచ్చు. ఆ పని చేశామని ఎవరో కాగితం మీద రాసిస్తే నమ్మే స్థితిలో ప్రస్తుతం మేం లేం. కొన్ని స్క్రూలు మెరుస్తూ, కొన్ని నల్లగా ఉన్న కిట్ మాకు ఇష్టం లేదు. అందుకే అన్నీ నలుపే.

టైటానియం అడిగేవాళ్లకి: బరువు తక్కువ, తుప్పు పట్టదు, కానీ మర పట్టేయడంలో స్టెయిన్‌లెస్‌కి ఏమీ తీసిపోదు. పెట్టం.

బ్రిడ్జి కింద బాడీ లోపల వేలాడే ఇత్తడి సస్టెయిన్ బ్లాకులో మార్పేమీ లేదు. ఎత్తు 32, 37, 42 మి.మీ. మూడింటిలో మీ గిటార్ బాడీ మందానికి సరిపోయేది ఎంచుకోండి. పెద్దదైతే మేలనుకుని 42 తీసుకుంటే సన్నటి బాడీలో వెనక మూతకి తగులుతుంది. లావు రకం తీసుకునేవాళ్లు ముందు బార్ పూర్తిగా కిందికి నొక్కి, పాత బ్లాకుకీ బాడీలోని గుంత వెనక గోడకీ మధ్య ఎంత సందు మిగులుతోందో చూసుకోండి. డైవ్‌లో బ్లాకు వెనక్కే ఊగుతుంది. ఇత్తడో జింకో తేల్చడానికి అయస్కాంతం పనికిరాదు, రెండిటికీ అంటదు. బ్లాకు తూచి, నీళ్లలో ముంచి, పక్కకి జరిగిన నీటి బరువుతో భాగించండి. 8.5 దరిదాపుల్లో వస్తే ఇత్తడి, 6.7 దగ్గరైతే జింక్ మిశ్రమం. రెండు స్టడ్‌ల మధ్య దూరం మా కిట్‌లో, ఈ రకం బ్రిడ్జిని మొదట తెచ్చిన ఒరిజినల్ ఫ్లాయిడ్ రోజ్ కొలత, 74.3 మి.మీ. వాళ్ల లైసెన్స్‌తో ఇతరులు చేసే రకాల్లో తేడా ఉంటుంది, కొనేముందు కొలవండి.

కొత్త బ్లాకులు ఒక్కొక్క స్ట్రింగుగా మార్చండి. ఆరూ ఒకేసారి వదులు చేస్తే స్ప్రింగులు బ్రిడ్జిని వెనక్కి లాగేస్తాయి. తప్పదనుకుంటే సస్టెయిన్ బ్లాకు పక్కన సరైన మందం చెక్కముక్క ఇరికించి బ్రిడ్జిని కదలకుండా నిలపండి. స్ట్రింగు కొస నిటారుగా కత్తిరించి, బ్లాకు ముఖం మధ్యన అడుగంటా దించి, ఆ తర్వాతే బిగించండి. అలెన్ కీ పొడవు కాలు స్క్రూలో పెట్టి పొట్టి కాలుని రెండు వేళ్లతో తిప్పితే ఆ బిగువు చాలు. బ్రిడ్జి ఎత్తు సరిచేయాలనుకుంటే స్ట్రింగులు బిగువు మీద ఉండగా స్టడ్ తిప్పొద్దు, నైఫ్ ఎడ్జ్ అక్కడే అరుగుతుంది.

సెట్ చేరేలోగా వాయించక తప్పనివాళ్లు, బ్రిడ్జితో వచ్చిన పాత ఇన్సర్ట్ బ్లాకులు దాచి ఉంటే అవే వేసుకోండి. స్టెయిన్‌లెస్ స్క్రూలు ఇప్పటికే ఉన్నవాళ్లకి కొత్త బ్లాకులతో పాటే ఆరు నల్ల స్క్రూలూ వస్తాయి. నలుపు బొత్తిగా వద్దనుకుంటే స్క్రూలు లేని కిట్ కూడా పెడుతున్నాం, బ్రిడ్జితో వచ్చిన మీ పాత స్క్రూలే వాడుకోండి. స్టెయిన్‌లెస్ మళ్లీ తెమ్మని మాత్రం అడగొద్దు.