మలేరియా కిట్లను ఎండ పాలు చేయవద్దు

సంపాదకుడు గారికి,

బంగారు నానో కణాలతో క్యాన్సర్ కణుతులను కాల్చివేసే ప్రయోగాల గురించి తరచుగా చదువుతున్నాం. అవి ఫలించాలని నేనూ మనసారా కోరుకుంటున్నాను. అయితే అవే కణాలు మన ఏజెన్సీ గ్రామాల్లో ఆశా కార్యకర్తల సంచుల్లో, మలేరియా ర్యాపిడ్ కిట్లలో ఏళ్లుగా పనిచేస్తున్నాయి. వాటిని భద్రపరచడంలో జరుగుతున్న అశ్రద్ధ, ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైన నన్ను బాధిస్తోంది.

చాలా కిట్లలో మనకు కనిపించే ఎర్ర గీత బంగారానిదే. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ముప్పై, నలభై భాగాలంత ఉండే బంగారు రేణువులు ఆకుపచ్చ కాంతిని పీల్చుకుని ఎర్రగా కనిపిస్తాయి. ఆ ఎరుపుకు కారణం లోహపు అతిసూక్ష్మ రేణువులేనని ఫారడే 1857లోనే వివరించాడు. ఈ రేణువులకు అంటించిన యాంటీబాడీలు రక్తపు చుక్కలోని మలేరియా ప్రోటీన్‌ను పట్టుకుని, పట్టీ వెంట సాగి, పరీక్ష గీత దగ్గర ఆగిపోతాయి. కరెంటు, మైక్రోస్కోపు లేని ఊళ్లో జ్వరం సంగతి ఇరవై నిమిషాల్లో తేలుతుంది.

ఎండకు బంగారం చెడదు, దానికి అంటిన యాంటీబాడీ చెడుతుంది. చాలా కిట్ల మీద 30 లేదా 40 డిగ్రీలు దాటరాదని స్పష్టంగా ముద్రించి ఉంటుంది. మే నెలలో రేకుల గదిలో, బండి డిక్కీలో పెట్టిన కిట్లు ఎంత వేడిని భరిస్తున్నాయో ఎవరు కొలుస్తున్నారు? ఇంకా ప్రమాదకరమైన సంగతి, పరీక్ష గీత బలహీనపడినా, పరీక్ష సరిగా నడిచిందని చూపడానికి పెట్టిన కంట్రోల్ గీత మాత్రం ఎర్రగానే పడవచ్చు. దాన్ని చూసి కిట్ బాగానే ఉందనుకుని, ప్రాణాల మీదికి తెచ్చే ఫాల్సిపారం రకం మలేరియా సోకిన బిడ్డను మలేరియా లేదని ఇంటికి పంపేస్తే, ఆ జ్వరం మెదడుకు ఎక్కే లోపల తిరిగి ఆసుపత్రికి చేరడం కొండ దారుల్లో తేలిక కాదు. తేమను పీల్చే చిన్న పొట్లం ఉన్న కవరును ముందుగానే చించి ఉంచడం కూడా ఇలాంటి పొరపాటే.

జిల్లా వైద్యాధికారులు కిట్లను ఒకేసారి కుప్పగా పంపకుండా నెలనెలా పంపాలి. నిల్వ గదిలో గరిష్ఠ ఉష్ణోగ్రతను నమోదు చేసే థర్మామీటరు పెట్టించాలి. వేసవి దాటిన ప్రతి బ్యాచ్ నుంచి కొన్ని కిట్లను, మలేరియా ఉన్నట్టు ముందే తేలిన రక్త నమూనాతో పరీక్షించాలి. కిట్‌లో లేదని వచ్చినా జ్వరం తగ్గని వారికి రక్తపు స్లైడు తీసి మైక్రోస్కోపులో చూడడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మానవద్దని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
పాడేరు