ఈ వేసవికైనా ఆ సిమెంట్ తియ్యనివ్వండి

మా జిల్లా కౌన్సిల్ కన్జర్వేషన్ ఆఫీసర్ గారికి,

నమస్కారం. ఇప్పుడు ఆ సీట్లో ఉన్నది సారో మేడమో తెలియదు. మా ఫైలు చూసేవాళ్లు మారుతూనే ఉన్నారు, మారినప్పుడల్లా కథ మళ్లీ మొదటికొస్తోంది. మీకు తెలుగు రాదని తెలుసు. ఇంగ్లీషులో పంపిన మెయిళ్లకే జవాబు రానప్పుడు తెలుగులో రాస్తే కొత్తగా పోయేదేముంది? కనీసం మనవాళ్లు నలుగురు చదువుతారు.

విషయం మీకు తెలిసిందే. ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో ఓక్ చట్రం మీద నిలబడ్డ పాత ఫామ్‌హౌస్ మాది, గ్రేడ్ టూ, అంటే చరిత్ర ఉందని ప్రభుత్వ జాబితాకెక్కిన ఇల్లు, మీ అనుమతి లేకుండా మార్చకూడదు. 1970ల్లో అప్పటి యజమాని బయటి గోడలన్నిటికీ సిమెంట్ పూయించాడు. ఇప్పుడది బీటలిచ్చింది. బీటల్లోంచి వాన లోపలికి పోతోంది, పోయిన తడి బయటికి రాలేక అక్కడే ఉండిపోతోంది, గోడల బరువంతా మోసే అడుగు దూలం పుచ్చిపోతోంది. తూర్పు మూల స్క్రూడ్రైవర్ పెడితే పిడి దాకా దిగుతోంది. సిమెంట్ తీసేసి సున్నం పూయిస్తాం, పుచ్చిన చోట ఓక్ అతికిస్తాం అంటున్నాం. కొత్త గది అడగలేదు, ప్లాస్టిక్ కిటికీలు అడగలేదు. ఆ ఇంటికి మొదట ఉన్నదాన్నే తిరిగి ఇస్తామంటే ఇంత ఆలోచన దేనికి?

అనుమతికి అర్జీ పెడితే ఎనిమిది వారాల్లో నిర్ణయం చెప్పాలన్నది మీ రూలే. అవి ఎప్పుడో గడిచిపోయాయి. మొదట హెరిటేజ్ స్టేట్‌మెంట్, అంటే ఇంటి చారిత్రక విలువేమిటో చెప్పే నివేదిక కావాలన్నారు, ఇచ్చాం. పని ఎలా చేస్తారో రాసివ్వమన్నారు. సున్నం ఎన్ని పూతలో, ఇసుక ఎలాంటిదో కూడా రాసిచ్చాం. ఇంజనీరు రిపోర్టు అన్నారు, అదీ అయింది. అన్నీ అయ్యాక, అక్టోబరులో, గబ్బిలాల సర్వే ఏదీ అన్నారు.

గబ్బిలాల మీద నాకేం పగ లేదు. 1981 నాటి వన్యప్రాణుల చట్టం వాటిని కాపాడుతోంది, కాపాడాల్సిందే. కానీ సాయంత్రం పూట అవి ఇంట్లోంచి బయటికి వస్తున్నాయో లేదో చూసే సర్వే మే నుంచి సెప్టెంబరు దాకానే చేస్తారు. ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. అక్టోబరులో అడిగితే మే దాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. కూర్చున్నాం. సర్వే అయి, రిపోర్టు చేతికొచ్చేసరికి వేసవి అయిపోయింది. సున్నం పని చేసేదీ ఆ నెలల్లోనే. ఆరని సున్నం మీద మంచు పడితే గడ్డకట్టి పెచ్చులుగా ఊడిపోతుంది, అందుకని చలికాలంలో ఏ మేస్త్రీ ముట్టుకోడు. గబ్బిలాలను చూడాల్సిందీ, సున్నం పూయాల్సిందీ ఒకే నెలల్లో అయితే, ఒకటి చేసిన ఏడాది రెండోది జరగదు. పోనీ మరుసటి ఏడాది చేద్దామనుకుంటే సర్వే పాతబడిపోయింది, మళ్లీ చేయించండి అని మీ ఆఫీసు నుంచి మెయిల్! మా ప్రశ్నలకు జవాబులు రావు గానీ ఇలాంటివి మాత్రం ఠంచనుగా వస్తాయి.

పోనీ ఆ సిమెంట్ నేనే పెకలించి పారేద్దామంటే ఇలాంటి జాబితా ఇళ్ల కోసం 1990లో చేసిన చట్టం ఉంది. అనుమతి లేకుండా చేస్తే రెండేళ్ల దాకా జైలు. చెయ్యకుండా వదిలేసి ఇల్లు పాడైతే, రిపేరు చేయించలేదని నోటీసు వచ్చేదీ నాకే. ఇంత పకడ్బందీగా ఇరికించడం మామూలు విషయం కాదు, మెచ్చుకోవాల్సిందే.

మీరు కాపాడుతున్నామంటున్న ఈ ఇంటి గురించి మాకూ కొంచెం తెలుసు. 16వ శతాబ్దం మొదట్లో కట్టినప్పుడు దీనికి పొగగొట్టమే లేదు. మధ్యలో పైకప్పు దాకా ఖాళీగా ఉన్న పెద్ద హాలు, నేల మీద మంట, పొగ కప్పు సందుల్లోంచి దాని దారిన అది పోయేది. అటక మీదికి వెళ్తే ఆనాటి వాసాలు ఇప్పటికీ మసితో నల్లగా కనిపిస్తాయి. ఓక్‌ను పచ్చిగా ఉండగానే చెక్కారు, ఎండేకొద్దీ వంకర తిరుగుతూ అతుకులు బిగుసుకున్నాయి. చట్రంలో ఇనుప మేకు లేదు, అంతా కొయ్య చీలలే. ఏ దూలం దేనికి తగిలించాలో గుర్తుగా వడ్రంగులు ఉలితో చెక్కుకున్న రోమన్ అంకెలు మా మెట్ల పక్కన ఇంకా ఉన్నాయి. స్తంభాల మధ్య హేజెల్ కర్రలతో తడిక అల్లి, మట్టిలో గడ్డీ పేడా కలిపి మెత్తారు. ఒకచోట పెచ్చు ఊడితే అది చూసి మా మామగారు, "మన పాలేళ్ల పాకలకి ఇట్టాగే మెత్తేవాళ్లమ్మా, దీని మీద సిమెంటు ఎవడు కొట్టాడు?" అన్నారు. గుడివాడ నుంచి నెల రోజులు ఉండి వెళ్దామని వచ్చిన మనిషికి ఒక్క చూపులో అర్థమైంది.

ఆ తర్వాత హాలు మధ్యలో ఇటుక పొగగొట్టం లేచింది, పొగ బెడద పోయాక పైన మేడ వేశారు. అప్పట్లో అందరూ అదే పని చేశారు. పక్కనే ఎసెక్స్‌లో, రాడ్‌వింటర్ పాదిరి విలియం హారిసన్ తన ఊరి ముసలివాళ్లు ఈ మధ్య ఇన్ని పొగగొట్టాలు లేచాయేమిటని ఆశ్చర్యపోతున్నారని 1577లోనే రాశాడు. మా వెనక గోడలో మూసేసిన కిటికీ ఒకటుంది. 1696లో వచ్చిన కిటికీ పన్ను తప్పించుకోడానికేనని ఊళ్లో అంటారు. 1851లో పన్ను పోయింది, కిటికీ మాత్రం తెరుచుకోలేదు.

ఆ రైతులెవరూ ఏ ఆఫీసుకూ అర్జీ పెట్టుకోలేదు. వాళ్లు చేసిందంతా ఇప్పుడు చరిత్ర, తాకకూడదు. ఒప్పుకుంటాం, మాకూ ఆ పొగగొట్టం అంటే ఇష్టమే. కానీ 1970ల సిమెంట్‌ని కూడా అందులో కలిపేస్తారా? మీ వాళ్లొకరు ఫోన్లో "అదీ ఇంటి చరిత్రలో భాగమే కదండీ" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు టెన్షన్ పట్టుకుంది. సున్నం తడిని పీల్చి వదిలేస్తుంది, సిమెంట్ వదలదు. ఇది నేను కనిపెట్టింది కాదు, పాత ఇళ్ల గురించి మాట్లాడే ప్రతివాళ్లూ చెప్పేదే. మీ కౌన్సిల్ కరపత్రంలో కూడా ఉంది.

డబ్బు సంగతి మీ చేతుల్లో లేదు, అయినా చెప్పుకుంటాను. అనుమతితో చేసే మార్పులకైనా 2012 అక్టోబరు 1 దాకా వ్యాట్ ఉండేది కాదు. ఇప్పుడు మార్పులకీ రిపేర్లకీ 20 శాతం కట్టాలి. పడగొట్టి కొత్తిల్లు కట్టుకుంటే సున్నా. పడగొట్టనివ్వరు, నిలబెట్టుకుంటే పన్ను.

దయచేసి ఎవరో ఒకరు వచ్చి చూడండి. ఫోటోల్లో తడి కనిపించదు. పాత సర్వేనే ఒప్పుకోండి, లేదా సర్వే జరుగుతుండగానే గబ్బిలాల జాడ లేని తూర్పు గోడ వరకైనా మొదలుపెట్టనివ్వండి. సున్నం మేస్త్రీ ఏప్రిల్ చివరి వారం మా కోసం ఆపి ఉంచాడు, మార్చి దాటితే వేరేవాళ్లకి ఇచ్చేస్తానన్నాడు. అనుమతి ఇస్తే సంతోషం. కాదంటే కాదని కాగితం మీద రాసివ్వండి, అప్పీలుకి వెళ్తాం. ఏదీ చెప్పకుండా మాత్రం ఉంచకండి.

ఇట్లు,
మీ ఫైళ్లలో ఎక్కడో ఉన్న ఒక ఇంటి యజమానురాలు