నడమంత్రపు సిరి ఎవరిది?

సంపాదకులకు,

గత ఆదివారం అనుబంధంలో ఫిట్జ్‌జెరాల్డ్ నవల 'ది గ్రేట్ గాట్స్‌బీ' (1925) మీద వచ్చిన వ్యాసంలో ఒక తప్పు దొర్లింది. మర్టిల్ అనే ఆమెని కారుతో గుద్ది చంపింది, కొత్తగా డబ్బు చేసిన కథానాయకుడు గాట్స్‌బీ అని అందులో రాశారు. ఆ పసుపుపచ్చ కారు గాట్స్‌బీదే, కానీ ఆ సమయంలో నడుపుతున్నది అతను ప్రేమించిన డైజీ. కారు ఎవరిదైతే హంతకుడూ వాడేననుకుని మర్టిల్ మొగుడు విల్సన్ గాట్స్‌బీని కాల్చేశాడు. వ్యాసకర్త కూడా అక్కడే పొరబడి, నడమంత్రపు సిరి నరాల మీద పుండు, గాట్స్‌బీ పతనమే అందుకు రుజువు అని తీర్పు చెప్పేశారు.

ఆ సామెత మన వైపు ఎవరి నోట ఎక్కువ వినిపిస్తుంది? తాతల నాటి భూములున్నవాళ్ళు, సూరత్ మిల్లుల్లో సంపాదించుకొచ్చి మేడ లేపినవాణ్ణి చూసి అంటారు. నవలలో ఆ నోరు డైజీ మొగుడు, తాతల ఆస్తి ఉన్న టామ్ బుకానన్‌ది. గులాబీరంగు సూటు వేసుకున్న గాట్స్‌బీ ఆక్స్‌ఫర్డ్‌లో చదవడమేమిటని వెక్కిరిస్తాడు. టామ్ డబ్బు ఎక్కడిదని మాత్రం ఎవరూ అడగరు. పెళ్ళికి ముందురోజు అతను డైజీకిచ్చిన ముత్యాల హారం విలువ 3,50,000 డాలర్లు. కథ చెప్పే నిక్ ఇంటి అద్దె నెలకి 80 డాలర్లు. ఆ హారం ఖరీదుతో ఆ ఇంట్లో 364 ఏళ్ళు అద్దెకుండొచ్చు! అదే టామ్ తన ఉంపుడుగత్తె మర్టిల్‌కి 10 డాలర్లు పెట్టి కుక్కపిల్లని కొనిచ్చి, ఆ రాత్రే ఆమె ముక్కు పగలగొట్టాడు.

గాట్స్‌బీ మచ్చలేనివాడని మేం అనడం లేదు. అతనిది దొంగ సారా డబ్బు. అమెరికాలో 1920 జనవరి నుంచి మద్యనిషేధం అమలైంది. డాక్టరు చీటీ మీద మందుల షాపులో విస్కీ అమ్ముకోవడానికి చట్టమే సందు వదిలింది. గాట్స్‌బీ, అతని వ్యాపార భాగస్వామి ఉల్ఫ్‌షీమ్ కలిసి పక్క వీధుల్లోని మందుల షాపులు కొన్నది అందుకే. 1995లో ఆంధ్రలో నిషేధం పెట్టినప్పుడు ఇచ్ఛాపురం దాటి ఇవతల ఒడిశాలోకొస్తే సరుకు దొరికేది కనుక, బరంపురం పాఠకులకి ఈ వ్యాపారం విడమరచి చెప్పక్కర్లేదు. చివరి అధ్యాయంలో వచ్చే ఒక ఫోన్‌తో దొంగ బాండ్ల సంగతీ బయటపడుతుంది.

మరి శిక్ష ఎవరికి పడింది? మర్టిల్, గాట్స్‌బీ, విల్సన్ ముగ్గురూ పోయారు. ప్రమాదం జరిగిన రాత్రి టామ్, డైజీ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. ఎదురుగా చల్లారిన వేపుడు కోడి, రెండు సీసాల బీరు. తర్వాత చిరునామా అయినా ఇవ్వకుండా ఊరు విడిచి వెళ్ళిపోయారు. వేసవంతా విందుల కోసం శుక్రవారం శుక్రవారం అయిదేసి పెట్టెల కమలాలు, నిమ్మకాయలు దిగిన గాట్స్‌బీ ఇంటి నుంచి శవం వెళ్తుంటే, నిక్ కాక వచ్చిన అతిథి ఒక్కడే, లైబ్రరీలో కనిపించిన కళ్ళజోడు మనిషి. టామ్, డైజీల గురించి నిక్ చివర్లో అన్న 'careless' అనే మాటని తెలుగులో 'అజాగ్రత్త' అంటే చాలదు. 'లెక్కలేనితనం' అంటేనే సరిగ్గా అతుకుతుంది. పగలగొట్టడం వాళ్ళ వంతు, ఊడ్చుకోవడం మరొకరి వంతు.

పరీక్ష పేపర్లలో తరచు కనబడే మరో తప్పు కూడా చెప్పాలి. నవలలో బూడిద లోయ అనే చోట పెద్ద బోర్డు మీద గీసిన కళ్ళు దేవుడివని పిల్లలు రాస్తారు. నవలలో అలా అనుకున్నది ఒక్క విల్సన్, అదీ పెళ్ళాం పోయిన దుఃఖంలో. అది ప్రకటన బోర్డని పక్కనున్న మైకేలిస్ అప్పుడే చెప్తాడు. గైడ్లలో ఈ రెండో వాక్యం ఉండదు.

వ్యాసకర్తకి ఒక మనవి. తొమ్మిదో అధ్యాయంలో గాట్స్‌బీ తండ్రి ఒక పాత పుస్తకం తెచ్చి చూపిస్తాడు. దాని చివరి ఖాళీ కాగితం మీద 1906 సెప్టెంబరు 12 తేదీ వేసి కుర్రవాడు రాసుకున్న దినచర్య ఉంటుంది. పొద్దున్న ఆరింటికి లేవడం, 7.15 నుంచి 8.15 దాకా విద్యుత్తు గురించి చదవడం, అమ్మానాన్నలతో మంచిగా ఉండడం. వారానికి 5 డాలర్లు దాచాలని రాసి, కొట్టేసి, 3 అని దిద్దుకున్నాడు. నడమంత్రపు సిరి అన్న మాట ఆ పేజీ చదివాక కూడా నిలుస్తుందేమో ఆయనే చెప్పాలి. కారు సంగతి మాత్రం వచ్చే ఆదివారం సవరణగా వేయండి.

ఇంగ్లిషు సాహిత్యం బోధించే కొందరు అధ్యాపకులు,
బరంపురం, గంజాం జిల్లా