చీపురు కొన్నావట

అమ్మలూ,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. గోదావరి పెరిగి తగ్గింది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు దాటిందని మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, మర్నాటికే తీసేశారు. లంకలో మన అరటి రెండు రోజులు నీళ్ళలో నిలబడింది గానీ పోలేదు. మీ నాన్నగారు పులస ధర కనుక్కొస్తానని సంచి పట్టుకుని వెళ్ళి బెండకాయలు తెచ్చారు. గౌరికి ఇంకా చూడి నిలవలేదు. నాయనమ్మకి కళ్ళజోడు మార్పించాం. ఇప్పుడు నా వంటలో రాళ్ళు కూడా కనిపిస్తున్నాయట.

విశేషమేం లేదు, ఊరికే రాస్తున్నాను. ఫోను చేస్తే "క్లాసులో ఉన్నానమ్మా" అంటున్నావు, రాత్రి తొమ్మిదింటికి కూడా. పన్నెండు రోజులుగా వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ తప్ప నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. పరీక్షలేమో అనుకున్నాను.

సత్తెమ్మత్త కోడలు వైజాగ్ వెళ్ళొచ్చింది. ఎంవీపీ కాలనీ రైతుబజారు బయట నిన్ను చూసిందట. పలకరిద్దామనుకునేలోపు ఆటో ఎక్కేశావట. చేతిలో కొండచీపురు, నీలం బకెట్టు, కుక్కరు అట్టపెట్టె ఉన్నాయంది. "హాస్టల్లో ఏదో ఫంక్షను అన్నారులే" అన్నాను. అత్త మూతి బిగించుకుని కాఫీ తాగింది. హాస్టల్లో ఉండే పిల్లకి చీపురెందుకే?

నేను అడగటం లేదు. నీకు చెప్పాలనిపించినప్పుడే చెప్పు.

చిట్టి బాబాయి కూతురు పోయినేడు కాకినాడలో గది తీసుకుంది కదా, దాని సంగతి నీకు పూర్తిగా తెలియదనుకుంటా. పదిహేను వేలు అడ్వాన్సు కట్టింది. నాలుగు నెలలుండి ఖాళీ చేస్తే పెయింటింగని, క్లీనింగని, ఇంకేదో అని విరగ్గోసి రెండు వేలు చేతిలో పెట్టారు. తర్వాత చేరిన పిల్లని అడిగితే గోడకి సున్నం కూడా వెయ్యలేదట, దీని క్యాలెండరు మేకు అక్కడే ఉందట. అందుకే చెప్పడం, నీ ఫ్రెండ్స్ ఎవరైనా గది వెతుక్కుంటుంటే వాళ్ళకి పనికొస్తుందని. చేరిన రోజే గోడలు, కుళాయిలు, తలుపు గడియలు ఫోనులో ఫొటోలు తీసి ఓనరుకి పంపాలి. పదకొండు నెలల అగ్రిమెంటు రాస్తారు. అందులో అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో, దేనికి కోస్తారో రాయించుకోవాలి. నలుగురు కలిసి తీసుకుంటే నలుగురి పేర్లూ ఉండాలి. ఒక్కదాని పేరు మీదే ఉంటే, మిగతావాళ్ళు మధ్యలో చెక్కేసినప్పుడు అద్దె మొత్తం దాని నెత్తిన పడుతుంది. ఆ ఒక్కతీ నువ్వే అయి ఉంటావని మీ నాన్నగారి భయం. నాది కాదు.

మీటరు చూడమను. విడిగా ఉంటే సరే. మేడ మొత్తానికి ఒకటే మీటరు పెట్టి సబ్‌మీటర్లు తగిలిస్తే, యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ రేటు కూడా పెరుగుతుంది కనుక కిందింటివాళ్ళ ఏసీ పాపం పైనున్న ఫ్యానుకి చుట్టుకుంటుంది. బాత్రూములో కుళాయి తిప్పి నీళ్ళు నోట్లో పోసుకుని చూడాలి. బీచి దగ్గర బోరైతే కొన్నిచోట్ల ఉప్పగా ఉంటాయి, నీ జుట్టుకి అసలే పడవు. గ్యాస్ గీజరుంటే కిటికీ ఉండి తీరాలి. కిటికీ మూసి స్నానం చేస్తే, గీజరు నుంచి వచ్చే విషవాయువుకి వాసన కూడా రాదు, స్పృహ తప్పేదాకా తెలియదు. ఇంకోటి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరడిగినా ఇవ్వొద్దు. ఆధార్ జిరాక్సు మీద "అద్దె గది కోసం మాత్రమే" అని అడ్డంగా రాసి ఇవ్వు. ఇవ్వమను, అంటే, నీ ఫ్రెండ్స్‌ని. సముద్రం కనిపిస్తుందని డాబా మీద గదికి మోజుపడితే మే నెలలో తెలుస్తుంది. గది చూడ్డానికి పగలు వెళ్ళినా, రాత్రి ఎనిమిది దాటాక ఇంకోసారి మెయిన్ రోడ్డు నుంచి గేటు దాకా నడిచి చూడాలి.

నేను మాత్రం ఇవేవీ చూడలేదులే. 1996లో వైజాగ్‌లో చదువుకునేటప్పుడు నాకు హాస్టల్ సీటు రాలేదు. పెదవాల్తేరులో, కరకచెట్టు పోలమాంబ గుడికి రెండు వీధుల అవతల, ఒక మామ్మగారింట్లో వెనక పోర్షనులో ముగ్గురం ఉండేవాళ్ళం. రేకుల కప్పు. ముగ్గురికీ కలిపి ఆరు బకెట్ల నీళ్ళు, ఆవిడే లెక్కపెట్టేది. ఇస్త్రీపెట్టె పెడితే మీటరు తిరిగే చప్పుడు పట్టేసేది. ఎనిమిదింటికి గేటుకి తాళం. చేరిన రోజు ఒక నోటుబుక్కు ముందు పెట్టి ఊరు, వీధి, తాతయ్య పేరు, మా పక్కింటివాళ్ళ పేరు కూడా రాయించుకుంది. "పెళ్ళిచూపులా మామ్మగారూ?" అని సరోజ అంటే, దానికి రెండు రోజులు మంచినీళ్ళ బిందె అందలేదు.

ఆ నవంబరు 6 రాత్రి తుపాను మన వైపు కొట్టింది. దీపావళి ఇంకా నాలుగు రోజులుందనగా. తుపాను కథ నీకు తెలుసు, తాతయ్య పడిపోయిన పాక మీద కూర్చున్న సంగతి వందసార్లు విన్నావు. మామ్మగారి సంగతి ఎప్పుడూ చెప్పలేదు. గురువారం రేడియోలో కోనసీమ పేరు చెప్పారు. ఎస్టీడీ బూతుకి వెళ్తే మన పోస్టాఫీసు ఫోను పలకదు. శుక్రవారమూ అంతే. పేపర్లో తలలు తెగిన కొబ్బరిచెట్ల ఫొటో చూసి నేను గేటు దగ్గర మెట్టు మీద కూర్చుండిపోయాను. తాళం వేసే వేళ దాటింది. ఆవిడ తాళం పట్టుకుని వచ్చింది, లోపలికి పొమ్మనలేదు. తిరిగి వెళ్ళి బీరువా తీసిన చప్పుడైంది. ఒక కవరు తెచ్చి ఒళ్ళో పడేసింది. దానిమీద మా ముగ్గురి పేర్లూ ఉన్నాయి, లోపల మేం కట్టిన అడ్వాన్సు, అవే నోట్లు, ముట్టుకోలేదు. "మీ డబ్బు మీకే ఇస్తున్నా, నాకు దండాలు పెట్టక్కర్లేదు" అంది. తర్వాత ఆ నోటుబుక్కు తెరిచి వేలు పెట్టి చదివింది. "ఈ ఊరికి కాకినాడ మీంచి పోకు, ఎదుర్లంక పంటు నడవదు. రావులపాలెం మీంచి పో." అప్పటికి యానాం దగ్గర వారధి లేదు, పంటు మీదే గోదావరి దాటాలి. శనివారం తెల్లారుజామున వాళ్ళబ్బాయిని రాజమండ్రి దాకా తోడు పంపింది. రావులపాలెం దాటాక కొంత లారీలో, కొంత నడక. రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్లు ఎక్కి దిగుతూనే ఉన్నాను. ఇంటికి చేరేసరికి చెప్పుల్లేవు.

నెల తర్వాత తిరిగి వెళ్తే మళ్ళీ ఆరు బకెట్లే. అడ్వాన్సు మళ్ళీ కట్టించుకుంది కూడా, రసీదుతో సహా.

ఎందుకు చెప్పానంటే ఊరికే. ఆవిడ నోటుబుక్కులో మా ఊరు, మా వీధి ఉన్నాయి. నా నోటుబుక్కులో నీది ఇప్పటికీ హాస్టల్ రూమ్ నంబరే ఉంది. రేపు అటేదైనా గాలీవానా వస్తే (హుద్‌హుద్ 2014లో వైజాగ్‌నే ఏం చేసిందో చూశాం) మీ నాన్నగారు బస్సెక్కి ఎక్కడ దిగాలి? ఆయన యూనివర్సిటీ అవుట్‌గేటు దగ్గర నిలబడి వచ్చేపోయే ప్రతి పిల్లనీ అమ్మలూ అని పిలుస్తారు, నీకే పరువు తక్కువ.

హాస్టల్ మెస్సు బాగోలేదని నువ్వు చెప్తే మేం కాదనేవాళ్ళం కాదు. కొంచెం అనేవాళ్ళం. మీ నాన్నగారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినేవారు కాదు, అంతే.

బుల్లెబ్బాయి శుక్రవారం పొద్దున బయల్దేరుతున్నాడు. కొబ్బరినూనె లీటరు సీసా, కందిపొడి, మాగాయ, ఆత్రేయపురం పూతరేకులు (బెల్లంవి, పంచదారవి నువ్వు తినవు), నాయనమ్మ కుట్టిన బొంత అట్టపెట్టెలో సర్ది ఈ ఉత్తరం పైన పెట్టాను. కుక్కరు కొన్నావు కనక గాస్కెట్టు ఒకటి ఎక్కువ పెట్టాను, మూడు లీటర్లదే అనుకున్నాను, సత్తెమ్మత్త కోడలు సైజు సరిగ్గా చూడలేదట. వాణ్ణి హాస్టల్ దగ్గరికి వెళ్ళమనలేదు. అవుట్‌గేటు దగ్గర దిగి నీకు ఫోను చేస్తాడు. ఎక్కడికి తేవాలో వాడికి చెప్పు, డోరు నంబరుతో సహా. వాడు నాకు చెప్పడులే, ఒట్టేయించుకోకు, పాపం వాడికి కడుపులో మాట ఆగదు.

పెట్టె పక్కన గోనెసంచిలో చుట్టింది కొబ్బరీనెల చీపురు. నువ్వు కొన్న కొండచీపురు గదికి బాగుంటుంది గానీ బాత్రూముకి పనికిరాదు.

అమ్మ